విజయనగరంలో ఒక రంగు చేపల దుకాణం: దిక్కులేని గోల్డ్‌ఫిష్‌కు తోడు వెతికిన అనుభవం

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక చిన్న రంగు చేపల దుకాణం గురించి ఇంత వివరంగా రాయడానికి ముఖ్య కారణం, మా అబ్బాయి వేలు పెట్టి చూపించిన చేపను, మేము డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా, ఆ దుకాణదారు అమ్మడానికి ఒప్పుకోకపోవడం. మెప్పుతో పాటు అభ్యంతరాలు కూడా రాస్తున్నాను కనుక దుకాణం పేరు పెట్టడం లేదు. ఏ ఊరి దుకాణానికి వెళ్లినా ఏమి అడగాలో, ఏమి గమనించాలో తెలుసుకోవడానికి పేరుతో పని లేదు.

మా దగ్గరకు వచ్చిన చేప ఒక ఒరాండా. తల మీద మెత్తటి బొడిపెల టోపీ, గుండ్రటి పొట్ట, రెండుగా చీలిన తోక ఉండే గోల్డ్‌ఫిష్ రకం అది. బంధువుల పెళ్లిలో భోజనాల బల్లల మీద అలంకారం కోసం గాజు గిన్నెల్లో పెట్టిన చేపల్లో, పెళ్లి ముగిశాక ఎవరూ తీసుకువెళ్లకుండా మిగిలిపోయినది. చెరువులో వదిలేద్దామని ఎవరో అన్నారు. పెద్ద చెరువు అయినా, గుడి కోనేరు అయినా, ఇంట్లో పెంచే చేపను వాటిలో వదలడం దయ కాదు. బతికితే అక్కడి మొక్కలను పెళ్లగించి, ఇతర చేపల గుడ్లు తిని, తనతో వచ్చిన పురుగులను అంటిస్తుంది. బతకకపోతే ఆ చావు మన కంటికి కనిపించదు, అంతే తేడా. అందుకని స్టీలు గిన్నెలోనే ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున్నే దుకాణానికి తీసుకువెళ్లాము.

దుకాణదారు ముందుగా ఏ వస్తువూ చూపించలేదు. గిన్నెను గుమ్మం దగ్గరి వెలుతురులో పెట్టించి, ఫోను లైటు పక్క నుంచి వేసి, చేపను చాలాసేపు చూశారు. తోక అంచులు చిరిగి పీలికలయ్యాయి, రెక్కల్లో సన్నటి ఎర్రటి నరాలు తేలాయి, నోరు నీటి పైకి తెరిచి గాలి మింగుతోంది. వీపు మీద, పెదవుల దగ్గర మసి పూసినట్లు నల్లటి మచ్చలున్నాయి. అవి జబ్బని మేము అనుకుంటుండగా ఆయన చెప్పిన మాట ఇది: "ఇది రోగం కాదమ్మా, అమోనియాకి ఒళ్లు కాలిపోయి మానుతున్నప్పుడు వచ్చే నలుపు. దీనికి మందు వొద్దు. మంచి నీళ్లు కావాలి, జాగా కావాలి." నీలం రంగు మందు సీసా ఒకటి అంటగట్టి పంపడం ఆయనకు చాలా సులభం. ఆ పని చేయలేదు.

గోల్డ్‌ఫిష్ విషయంలో మన ఇళ్లలో జరిగే నష్టమంతా జాగా దగ్గరే మొదలవుతుంది. కార్ప్ చేపల కుటుంబానికి చెందిన ఈ చేపను చైనాలో వెయ్యేళ్లకు పైగా పెంచుతున్నారు. సరిగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు బతుకుతుంది. ఒరాండా వంటి గుండ్రటి రకాలు 15 నుంచి 20 సెంటీమీటర్ల వరకు, తోక ఒకటే ఉండే కామెట్ వంటి పొడవాటి రకాలు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. గిన్నెలో పెరగదు కదా అని ధైర్యం చెప్పేవారున్నారు. పెరగకపోవడం అంటే తన మలినంలో తానే మగ్గి గిడసబారిపోవడం. ఈ చేపకు జీర్ణాశయం వేరుగా ఉండదు. తిన్నది పేగుల్లోంచి త్వరగా బయటికి పోతుంది. మొప్పల ద్వారా కూడా అమోనియా విడుదలవుతూనే ఉంటుంది. చిన్న నీటిలో ఆ అమోనియా గంటల్లో పేరుకుంటుంది. నీరు వేడెక్కే కొద్దీ, క్షార గుణం పెరిగే కొద్దీ దాని విషం ఇంకా తీవ్రమవుతుంది. కనుక మన ఉత్తరాంధ్ర ఎండాకాలంలో గాజు గిన్నె అన్నది గోల్డ్‌ఫిష్‌కు బతికే చోటు కాదు.

అయినా ఆయన మాకు దుకాణంలో అన్నిటికన్నా పెద్ద తొట్టి అంటగట్టలేదు. ఒక్క గుండ్రటి గోల్డ్‌ఫిష్‌కు 75 లీటర్లు, ఆపైన వచ్చే ప్రతి చేపకు మరో 40 లీటర్లు అన్నది పెంపకందారులు సాధారణంగా పాటించే లెక్క. తొట్లను మన దగ్గర అడుగుల్లో అమ్ముతారు కనుక కొనేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి: ఒక ఘనపుటడుగు అంటే సుమారు 28 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న తొట్టిలో నిండా పోసినా 70 లీటర్లు దాటవు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదానిలో 190 లీటర్లు పడతాయి, పై అంచు వదిలి పోస్తే 170. "ఒక్కదాన్నే ఉంచితే రెండడుగులది కాస్త పెంచి చేయించుకోండి, తోడు తెస్తానంటే మూడడుగులది తప్పదు" అని చెప్పి, తేల్చుకోవడం మాకే వదిలేశారు. మేము మూడడుగులది తీసుకున్నాము. అంత బరువు మోయగల బల్ల ఉందా అని కూడా అడిగారు. ఒక లీటరు నీరు ఒక కిలో కదా, గాజుతో కలిపితే ఇద్దరు ముగ్గురు మనుషుల బరువు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం, కొత్త తొట్టిలో వెంటనే చేపను వేసేయమని ఆయన అనకపోవడం. కొత్త నీరు శుభ్రంగా కనిపించినా చేపకు అది సిద్ధంగా ఉన్నట్లు కాదు. అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడాలి. మామూలుగా అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా చేపకు అంత గడువు లేదు కనుక, దుకాణంలో చాలా కాలంగా కొత్త చేప ఏదీ చేరని ఒక తొట్టి నుంచి, నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్‌ను విప్పి, కొత్త స్పాంజిని మాకు అమ్మి, పాతదాన్ని తడి ఆరకుండా నీళ్ల కవరులో ఊరికే ఇచ్చారు. నొక్కి చూస్తే గోధుమ రంగు మడ్డి కారింది. పిల్లలు ముక్కు మూసుకున్నారు. ఆ మడ్డిలోనే ప్రాణం ఉందని, కుళాయి కింద కడిగితే అది చస్తుందని, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలని ఆయన రెండుసార్లు చెప్పారు. మున్సిపల్ కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ సూక్ష్మజీవులనే కాదు, చేప మొప్పలను కూడా దెబ్బతీస్తుంది కనుక యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా ఒక్క చెంబు కూడా పోయకూడదు. మొదటి వారాల్లో లీటరుకు ఒక గ్రాము చొప్పున అయొడిన్ కలపని కల్లుప్పు వేయమన్నారు. ఇది నాటు వైద్యంలా వినిపించినా కారణం ఉంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వకుండా అడ్డుపడుతుంది.

ఇలా దుకాణం తొట్టి నుంచి తెచ్చిన పాత స్పాంజితో రోగాలు కూడా రావచ్చన్నది నిజం. నేను ఆ మాట అడిగాను. ఆయన ఆ తొట్టిలోని చేపలను దగ్గరగా చూపించి, ఏ తొట్టిలో కొత్త సరుకు దింపారో వాటి వలలు వేరుగా కట్టి ఉంచడం చూపించారు. ఒక తొట్టిలో ముంచిన వలను ఇంకో తొట్టిలో ముంచకుండా ఉండే దుకాణం మన జిల్లాల్లో నాకు తారసపడడం అరుదు.

ఇక తోడు విషయం. చేప కోలుకుని, తోక కొత్తగా పారదర్శకంగా పెరగడం మొదలైన తర్వాత తోటి చేపల కోసం మళ్లీ వెళ్లాము. మా అబ్బాయి మొదట చూపించింది షార్క్ అని అమ్మే బూడిద రంగు చేప. పేరు షార్క్ అయినా అది సొరచేప కాదు. మన గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో తినడానికి పెంచే పంగాసియస్ పిల్లే అది. అరచేతిలో సగం కూడా లేని ఆ పిల్ల మీటరు దాటి పెరగగలదు, బెదిరితే గాజుకు తల కొట్టుకుంటుంది, నోట పట్టినదాన్ని మింగుతుంది. "ఇది మీకివ్వను బాబూ, ఏటనుకోకు. ఆర్నెల్లు పోయాక మీ అమ్మగారే దీన్ని ఎక్కడ వొదలాలని నన్నడుగుతారు" అని దుకాణదారు వాడికి నచ్చజెప్పారు. వాడికి కోపం వచ్చింది, నాకు గౌరవం కలిగింది.

తర్వాత వచ్చింది సక్కర్ చేప ప్రస్తావన. గాజు మీది పాచి తింటుందని దాదాపు ప్రతి దుకాణంలోనూ గోల్డ్‌ఫిష్‌తో పాటు సక్కర్‌ను కలిపి ఇస్తారు. ఇది పెద్ద పొరపాటు. పాచి చాలనప్పుడు, ముఖ్యంగా రాత్రిపూట, నిదానంగా కదిలే గోల్డ్‌ఫిష్ ఒంటికి అంటుకుని దాని జిగురు పొరను గీకి తింటుంది. ఆ పొర పోయిన చోట పుండు పడి బూజు పడుతుంది. పైగా సక్కర్ కూడా అడుగున్నర వరకు పెరుగుతుంది. పెరిగిన సక్కర్లను జనం కాలువల్లో వదిలేయడం వల్ల ఆంధ్రలోని నదుల్లో, చెరువుల్లో అవి విస్తరించి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. గాజు మీది పాచికి మూడు వేళ్ల మందం స్పాంజి ముక్క చాలు.

గోల్డ్‌ఫిష్‌కు ఉష్ణమండలపు చేపలను జత చేయకూడదని చెప్పేటప్పుడు అందరూ నీటి వేడి గురించే మాట్లాడతారు. గోల్డ్‌ఫిష్‌కు 18 నుంచి 24 డిగ్రీలు హాయి, గప్పీలకూ ఏంజెల్‌లకూ అంతకన్నా వెచ్చన కావాలి, నిజమే. అయితే శ్రీకాకుళం, విజయనగరాల్లో హీటరు లేకుండానే తొట్టి నీరు ఏడాదిలో ఎక్కువ భాగం 25 దాటి ఉంటుంది కనుక, ఆ ఒక్క కారణం చూసి ఇక్కడ ఏ చేపనైనా కలపవచ్చని కొందరు వాదిస్తారు. వేడిని పక్కన పెట్టినా మిగిలిన కారణాలు అలాగే ఉంటాయి. నోట్లో పట్టే ప్రతిదాన్నీ గోల్డ్‌ఫిష్ మింగి చూస్తుంది. నియాన్ టెట్రాలు, గప్పీ పిల్లలు ఇలాగే మాయమవుతాయి. కోరిడోరాస్ అనే చిన్న జెల్ల రకాన్ని మింగబోతే దాని రెక్కల ముళ్లు గొంతులో దిగి రెండూ చనిపోతాయి. టైగర్ బార్బ్‌లు వేలాడే తోకను కొరకడం ఆపవు. ఏంజెల్ కూడా తరిమి తరిమి పొలుసులు పీకుతుంది. ఫైటర్‌కు గోల్డ్‌ఫిష్ తొట్టిలోని ప్రవాహం, గోల్డ్‌ఫిష్‌కు ఫైటర్ పొగరు, రెండూ పడవు. పిల్లలు కోయీ కార్ప్‌ను గోల్డ్‌ఫిష్ అన్నయ్య అనుకుంటారు కానీ అది రెండడుగులు పెరిగే చెరువు చేప, ఇంటి తొట్టిలో ఉండదు. పెద్ద నత్తలు ఒకటి రెండు ఉండవచ్చు, చిన్న నత్తలను మాత్రం గోల్డ్‌ఫిష్ నమిలి ఊస్తుంది.

కాబట్టి గోల్డ్‌ఫిష్‌కు తోడు గోల్డ్‌ఫిషే. అందులోనూ అన్నీ కలవవు, మన దుకాణాల్లో ఎవరూ చెప్పని సంగతి ఇదే. కామెట్, షుబుంకిన్ వంటి సన్నటి ఒంటి తోక రకాలు దూసుకుపోయి మేతంతా ముందే తినేస్తాయి. ఒరాండా మేత దగ్గరకు చేరేసరికి నీరు తప్ప ఏమీ మిగలదు. అలాగని బబుల్ ఐ, సెలెస్టియల్ వంటివి తెస్తే, కళ్లు సరిగా కనపడని ఆ చేపల ముందు మా ఒరాండాయే దూకుడు చేపవుతుంది. దుకాణదారు ఎంచి ఇచ్చినవి మా చేపకు దాదాపు సమాన పరిమాణంలో ఉన్న మరో ఒరాండా, ఒక ఫ్యాన్‌టెయిల్. ఎంచిన పద్ధతి చూడదగినది. తొట్టి ముందు నిలబడి రెండు గుళికలు వేసి, ఏది ముందు వచ్చింది, ఏది మూల నుంచి కదల్లేదు, ఏది తిని ఉమ్మేసింది చూశారు. మూల నుంచి కదలని దానిని, ఒంటిని గాజుకు రాసుకుంటున్న దానిని పక్కకు పెట్టారు. ఒంటిని రాసుకోవడం తెల్ల మచ్చల రోగానికి తొలి గుర్తు కావచ్చునని చెప్పారు. మేము కోరితే అడ్వాన్సు తీసుకుని, ఎంచిన జతను తన దగ్గరే విడి తొట్టిలో కొన్నాళ్లు ఉంచి ఇచ్చారు. ఆ తర్వాత కూడా మేము ఇంట్లో ప్లాస్టిక్ టబ్బులో మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచాకే కలిపాము. కొనేవారందరూ అలాగే చేయడం మంచిది. దుకాణం ఎంత శుభ్రమైనదైనా అక్కడికి వారం వారం ఎక్కడెక్కడి చేపలో వస్తుంటాయి.

కలిపిన రోజున పాత ఒరాండా కొత్తవాటి వెనక కాసేపు తిరిగి, తర్వాత వాటితో కలిసి అడుగున ఇసుక నోట్లోకి తీసుకుని, జల్లెడ పట్టినట్లు మొప్పల్లోంచి వదలడం మొదలుపెట్టింది. అడుగున రంగు గులకరాళ్లు వద్దని, శనగగింజంత రాయి గొంతులో ఇరుక్కుంటుందని ఆయన ముందే చెప్పినందువల్ల మేము కడిగిన సన్నటి నాగావళి ఇసుకను పలచగా పరిచాము.

అభ్యంతరాలు కూడా రాయాలి. అమోనియా, నైట్రైట్ కొలిచే పరీక్ష కిట్ ఈ దుకాణంలో లేదు, అడిగితే ఎవరూ కొనరని సమాధానం వచ్చింది. కొత్త తొట్టి పెట్టినవారికి అది ఫిల్టర్ అంత అవసరం. తెప్పించి ఉంచి, దానితో ఏమి తెలుస్తుందో చెబితే కొనేవారు తప్పక ఉంటారు. అంతకన్నా నాకు బాధ కలిగించినది కౌంటరు మీద వరుసగా పేర్చిన గాజు గిన్నెలు. ఫంక్షన్ హాలు అలంకరణ చేసేవారు అక్కడి నుంచే గిన్నెలూ చేపలూ టోకున తీసుకువెళతారు. ఒక చేపకు 75 లీటర్లు కావాలని మాకు అంత ఓపికగా చెప్పిన మనిషి, అదే చేపను రెండు లీటర్ల గిన్నెతో కలిపి అమ్మడం నాకు మింగుడుపడలేదు. ఆయనతో ఆ మాటే అన్నాను. "నేను మానేస్తే పక్క ఊరి నుంచి తెచ్చుకుంటారమ్మా" అన్నారు. ఈ సమాధానంతో నేను ఏకీభవించను. ఫంక్షన్ చేసుకునే కుటుంబాలు బల్లల మీద చేపలు వద్దని అలంకరణ వారికి ముందే చెబితే, ఆ వ్యాపారం దానంతట అదే తగ్గుతుంది.

ధరల విషయంలో ఫిర్యాదు లేదు. రాసిన ధరకే ఇచ్చారు, తొట్టి మూలల అతుకును నీళ్లు పోసి ఒక రాత్రి నిలిపి చూపించాకే పంపారు. ఇంటికి వచ్చి అమర్చే పిల్లవాడు మాత్రం తొందరపడతాడు, తొట్టి కింద థర్మాకోల్ పలక పరిచాడో లేదో దగ్గరుండి చూసుకోండి.

వేసవి గురించి ఆయన ఇచ్చిన సలహా విలువైనది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే. కనుక ఏప్రిల్, మే నెలల్లో మేత తగ్గించి, మూత తీసి వల పరిచి, నీటి మీదుగా చిన్న ఫ్యాను పెట్టి, గాలి పంపు వేగం పెంచాలి. ఒక్కసారిగా ఐసు ముక్కలు వేయకూడదు. మేతకు మునిగే గుళికలు నానబెట్టి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. మధ్యమధ్య ఉడికించి పొట్టు తీసిన బఠానీ, పాలకూర, మన రైతులు పశువులకు పెంచే అజొల్లా పెట్టవచ్చు. వారానికొకసారి మూడో వంతు నీరు మార్చాలి.

కరెంటు పోతే ఏమి చేయాలన్నది మన జిల్లాల్లో ఊహించి అడిగే ప్రశ్న కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుల తర్వాత ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు పోగానే బ్యాటరీతో దానంతట అదే నడిచే గాలి పంపు ఈ దుకాణంలో దొరుకుతుంది. అన్నిటికన్నా ముందు కొనవలసిన వస్తువు అది. ఫిల్టర్ గంటల తరబడి ఆగితే స్పాంజిలోని సూక్ష్మజీవులు ఊపిరాడక చనిపోతాయి, కరెంటు వచ్చాక ఆ కుళ్లు తొట్టిలోకి వస్తుంది. అలాంటప్పుడు స్పాంజిని తొట్టి నీటిలో పిండి, కొంత నీరు మార్చాకే మళ్లీ నడపాలి.

ఈ దుకాణానికి చేపలు ఎక్కువగా కోల్‌కతా నుంచి రైల్లో వస్తాయి. సరుకు దిగిన రోజున తొట్లు నిండుగా, రంగులు మెరుస్తూ కనిపిస్తాయి కానీ ఆ రోజు కొనకండి. ప్రయాణపు అలసట మీద ఉన్న చేపల్లో రోగం వారం తర్వాతే బయటపడుతుంది. సరుకు ఎప్పుడు దిగుతుందో ఫోనులో అడిగితే దుకాణదారు దాచకుండా చెబుతారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవారికి సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణం కనుక, ఎండ ఎక్కకముందే కొని, కవరులో మూడింట ఒక వంతు నీరు, మిగతాది సిలిండరు నుంచి ప్రాణవాయువు నింపించుకుని, కవరును తడి గుడ్డ చుట్టిన సంచిలో పెట్టుకుని బయలుదేరండి. ఇంటికి చేరాక కవరును తొట్టి నీటిలో పావుగంట తేలనిచ్చి, చేపను మాత్రమే వలతో తీసి టబ్బులో వేసి, కవరులోని నీరు బయట పారబోయండి.